చేపల తొట్టి అడుగున ఇసుక: మన ఏటి చేప ఏది?



ఇంట్లో గాజు తొట్టి పెట్టి చేపలు పెంచుకోవడం ఒకప్పుడు కలిగినవారి వేడుక. ఇప్పుడు అలా కాదు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీకి పోయి వచ్చే వారి ఇళ్ళలో కూడా టీవీ పక్కన రెండడుగుల అక్వేరియం కనిపిస్తుంది. పిల్లలు ముచ్చటపడతారు, నాయన కొని తెస్తాడు, నెల తిరిగేసరికి తొట్టి కడిగే పని అమ్మ నెత్తిన పడుతుంది. అడుగున పోసిన ఇసుక మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. గాజుకు పాచి పడుతుంది. నీళ్ళు కదిలిస్తే చాలు, మడ్డి పైకి లేచి తొట్టి అంతా కలక బారుతుంది.

అప్పుడు మనం మళ్ళీ చేపల కొట్టుకే వెళతాం. కొట్టువారు రెండంగుళాల నల్లచేప ఒకటి సంచిలో వేసి ఇస్తారు. "ఇది వేసుకోండి. అడుగంతా నాకి శుభ్రం చేస్తుంది. ఇక మీరు తొట్టి కడగనక్కరలేదు" అంటారు. ఆ మాట నమ్మి తెచ్చుకున్నవారు మనలో చాలామందే ఉంటారు.

ఇంతకూ ఇసుకను శుభ్రం చేసే చేప నిజంగా ఉందా? ఉంటే దాన్ని ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకోవాలా, మన ఏళ్ళలో, చెరువుల్లోనే దొరుకుతుందా? దొరికితే దాన్ని ఎలా ఎంచుకోవాలి? ఈనాటి ప్రసంగంలో ఈ సంగతులు మనవి చేస్తాను.

ముందుగా ఇసుకలో చేరే మురికి ఏమిటో చూద్దాం. అందులో మూడు రకాలున్నాయి. చేపలు తినగా మిగిలి అడుగుకు దిగిన మేత ఒకటి. చేపల మలం రెండోది. రాలి కుళ్ళిన నీటిమొక్కల ఆకులు మూడోది. ఇవన్నీ కుళ్ళినప్పుడు అమోనియా పుడుతుంది. చేపలు కూడా తమ మొప్పల గుండా అమోనియాను నీళ్ళలోకి వదులుతూనే ఉంటాయి. అది చేపలకు విషం. ఆ విషాన్ని విరిచే పని కంటికి కనిపించని సూక్ష్మజీవులు చేస్తాయి. ఇసుక రేణువుల మీద, వడపోత యంత్రంలోని స్పాంజిలో అవి కాపురముంటాయి. అమోనియాను ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి, ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు మాత్రం కొంతవరకు పరవాలేదు. దాన్ని నీటిమొక్కలు కొంత పీల్చుకుంటాయి, మిగిలినదాన్ని మనం నీళ్ళు మార్చి బయటికి పంపాలి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. చేప కడుపులోకి పోయిన మేత మాయమైపోదు. కొంత దాని ఒంటికి పడుతుంది, మిగిలింది మళ్ళీ మలంగా, అమోనియాగా నీళ్ళలోకే వస్తుంది. కాబట్టి తొట్టి శుభ్రంగా ఉండాలని ఇంకో చేపను వేస్తే ఇంకో నోరూ, ఇంకో కడుపూ చేరినట్టే. ఇసుకను కడిగే చేప లోకంలో ఎక్కడా లేదు. కడగవలసింది మనమే.

మరి అడుగున తిరిగే చేపతో ఉపయోగమే లేదా అంటే, ఉంది. అది రెండు పనులు చేస్తుంది. పైచేపలకు అందకుండా అడుగుకు జారిన మేతను, అది కుళ్ళేలోగా ఏరుకుని తింటుంది. మూతితో ఇసుకను కదిలిస్తూ పైపొర గట్టిపడకుండా చూస్తుంది. ఇసుక కదలక, మందంగా పేరుకుపోతే లోపలికి గాలి ఆడదు. అలాంటి చోట ఇసుక నల్లగా మారుతుంది, వేలితో కదిలిస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పైపొరను కదిలించే చేప ఉంటే ఆ బెడద కొంత తగ్గుతుంది. ఇంట్లో రోజూ చీపురు పట్టే మనిషి ఉన్నా, పండక్కి ఇల్లు కడగడం తప్పదు కదా! ఈ చేప చీపురు పట్టే మనిషి లాంటిది. ఇల్లు కడిగే పని మాత్రం మనదే.

ఇక కొట్టులో ఇచ్చే నల్లచేప సంగతి. దాన్ని సక్కర్ చేప అనీ, ట్యాంక్ క్లీనర్ అనీ అమ్ముతారు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ వంటి నదులు దాని పుట్టిల్లు. గాజును అంటుకుని పాచిని గీకి తినే మాట నిజమే. కానీ అది ఇసుకను కదిలించే చేప కాదు. పైగా రెండంగుళాల పిల్ల రెండంగుళాల దగ్గర ఆగదు. పెరిగి పెరిగి అడుగు దాటుతుంది, ఒకటిన్నర అడుగు దాకా కూడా పోతుంది. అంత చేప రెండడుగుల తొట్టిలో పక్కకు తిరగడానికి కూడా చోటుండదు. పాచిని తినే కడుపు కాబట్టి మలం కూడా దారాలు దారాలుగా వదులుతూనే ఉంటుంది. శుభ్రం చేయమని తెచ్చుకున్న చేప చివరికి తొట్టిలో అందరికంటే ఎక్కువ మురికి చేస్తుంది.

అప్పుడు ఇంటివారు ఏం చేస్తారు? చంపడానికి చేతులు రావు. "పాపం, బతికిపోనీ" అని దగ్గరలో ఉన్న చెరువులోనో, కాలువలోనో, కోనేటిలోనో వదిలేస్తారు. పుణ్యం చేశామనుకుంటారు. అసలు అనర్థం అక్కడే మొదలవుతుంది.

ఆ చేప ఒళ్ళంతా గట్టి ఎముక పలకలతో కవచంలా ఉంటుంది. రెక్కలకు ముళ్ళుంటాయి. మన కొంగలూ, కొర్రమీనూ దాన్ని సులువుగా మింగలేవు. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా అది పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, ఆ బొరియల వల్ల గట్లు బలహీనపడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గోదావరి ప్రాంతాల మత్స్యకారుల వలల్లో ఇది పడి, వలలు చింపి, వారికి తలనొప్పిగా మారింది. కొనేవాడు లేని ఈ చేపకు వారు పెట్టిన పేరు దెయ్యం చేప. తూర్పు కనుమల జలాశయాల్లో దీని ఉనికిని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన జన్యు ఆనవాళ్ళను బట్టి కూడా గుర్తించారు. సముద్రాల అవతల పోర్టోరికో దీవిలో ఈ జాతి చేపను మింగబోయి, అది గొంతులో అడ్డుపడి గూడబాతులు చనిపోయినట్టు 1990లలో నమోదయింది. గూడబాతు అంటే పెలికన్ పక్షి. తిరుపతి జిల్లా నేలపట్టు దగ్గర ఉండే శ్రోతలకు ఆ పక్షిని వర్ణించి చెప్పనక్కరలేదు.

తిరుప్పూరు పక్కనే నంజరాయన్ చెరువు ఉంది. 2022లో దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2024 ఆగస్టులో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో కూడా చేరింది. మదురైలో తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన వండియూరు తెప్పకుళం ఉంది. కోయంబత్తూరు చుట్టూ నొయ్యల్ ఏటి మీద ఆధారపడిన పాతకాలపు చెరువుల వరుస ఉంది. ఇటువంటి నీళ్ళలో ఒక్క ఇంటివారు ఒక్క చేపను వదిలితే ఏమవుతుందిలే అనుకోకూడదు. పది ఇళ్ళవారు అలాగే అనుకుంటే ఆడా మగా కలుస్తాయి. ఒకసారి గుడ్లు పెట్టాక దాన్ని ఏరివేయడం ఎవరి తరమూ కాదు.

ఇక మన చేపల దగ్గరకు వద్దాం. అడుగున తిరిగే చేపలు మనకు కొదవ లేదు. అయితే అడుగున ఉండే ప్రతి చేపా తొట్టికి పనికిరాదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

బొమ్మిడాయి మీకు తెలుసు, తమిళంలో ఆరాల్ అంటారు. పులుసులో దానికి సాటి లేదు. పాములా సాగి ఉంటుంది. ఇసుకలో దూరి మూతి మాత్రం బయట పెట్టుకుని కూర్చుంటుంది. చూడటానికి వింతగా ఉంటుంది కాని, పెద్దరకం బొమ్మిడాయి రెండడుగులు కూడా దాటుతుంది. రాత్రిపూట చిన్నచేపలను తినేస్తుంది. మూతలో కాస్త సందుంటే బయటికి పాకి నేల మీద పడి చస్తుంది. ఇంటి తొట్టికి అది వద్దు.

జెల్ల ఇంకొకటి, తమిళంలో కెళుత్తి. దానికి పొడవాటి మీసాలుంటాయి, అడుగునే వెతుక్కుంటుంది. మిగిలిన మేత బాగానే తింటుంది. కాని మేతతో పాటు పక్కన పడుకున్న చిన్నచేపను కూడా తింటుంది. దాని రెక్కల ముల్లు గుచ్చుకుంటే మంట ఎలా ఉంటుందో చెరువులో చెయ్యి పెట్టినవారికి తెలుసు. పిల్లలున్న ఇంట్లో జెల్ల వద్దు.

ఇసుక దొందు అని మనవారు పిలిచే చేప ఉంది, తమిళంలో ఉళువై. పేరులోనే ఇసుక ఉంది కదా అని మోసపోకూడదు. అది ఇసుక రంగులో కలిసిపోయి, కదలకుండా పడి ఉండి, దగ్గరికి వచ్చిన చేపను గుటుక్కున మింగుతుంది. ఇసుకను వాడుకుంటుంది కాని శుభ్రం చేయదు.

పశ్చిమ కనుమల ఏళ్ళలో రాళ్ళను అంటిపెట్టుకుని పాచి గీకి తినే చేపలున్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని గర్రా జాతి అంటారు. గాజు మీద, రాళ్ళ మీద పాచికి ఇవి మంచివి. సక్కర్ చేప చేస్తుందని చెప్పే పనిని ఇవి చిన్న ఒంటితో చేస్తాయి. కాని పారే నీటిలో పుట్టిన చేపలు కావడంతో వీటికి చల్లదనం, గాలి, నీటి పరుగు కావాలి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో తిరుప్పూరు ఎండకు వేడెక్కిన తొట్టిలో, గాలి పంపు కూడా లేకుండా వీటిని ఉంచడం హింసే. తొట్టిలో నీళ్ళు బాగా తిరిగే ఏర్పాటు ఉన్నవారే వీటి జోలికి పోవాలి.

ఇక మిగిలింది ఒక చిన్నచేప. ఇసుక తొట్టికి సరైన చేప ఇదే. మదురై శ్రోతలకు పేరు చెప్పగానే నోరూరుతుంది. అదే అయిర మీను. తమిళంలో అయిరై అంటారు, కొన్ని ఊళ్ళలో అసరై అంటారు.

అవును, మదురైలో కొళంబు పెట్టుకునే ఆ అయిరే! శాస్త్రీయ నామం లెపిడోసెఫాలిక్తిస్ థెర్మాలిస్. 1846లో వాలెన్సియెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. శ్రీలంకలో త్రికోణమలై దగ్గరి వేడినీటి బుగ్గల నుంచి దొరికిన చేప కాబట్టి థెర్మాలిస్ అని పేరు పెట్టాడు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఏళ్ళు, చెరువులు, వరిమళ్ళ కాలువలు, ఎక్కడ ఇసుకా పలుచని నీళ్ళూ ఉంటే అక్కడ ఇది బతుకుతుంది. కావేరి, వైగై నీళ్ళు పారే నేలంతా దీని ఇల్లే. మామూలుగా వేలంత ఉంటుంది. ఎంత పెరిగినా ఎనిమిది సెంటీమీటర్లకు మించదు. లేత ఇసుకరంగు ఒంటి మీద నల్లని మచ్చలు వరుసగా ఉంటాయి. మూతి చుట్టూ పొట్టి మీసాలుంటాయి. ఆ మీసాలతో తడుముతూ మేతను కనిపెడుతుంది.

ఇది మేత తినే తీరు చూడదగ్గది. మూతితో చిటికెడు ఇసుక తీసుకుంటుంది. నోట్లోనే జల్లెడ పట్టినట్టు తినదగ్గది ఉంచుకుని, ఇసుకను మొప్పల సందుల్లోంచి వదిలేస్తుంది. భయం వేసినా, విశ్రాంతి కావాలన్నా ఇసుకలోకే దూరిపోతుంది. రోజుకు ఎన్నోసార్లు ఇలా దూరి, లేచి, తడిమి, జల్లించడం వల్ల ఇసుక పైపొర ఎప్పుడూ కదులుతూ ఉంటుంది.

దీనికి రుజువు మదురై వంటింట్లోనే ఉంది. అయిరను వెడల్పాటి గిన్నెల్లో నీళ్ళు పోసి ప్రాణంతో అమ్ముతారు. ఇంటికి తెచ్చాక తిన్నగా పొయ్యి మీదికి ఎక్కించరు. కాసేపు పాలలోనో, మంచినీళ్ళలోనో వదులుతారు. ఎందుకు? మింగిన ఇసుకా మట్టీ కక్కడానికి. అలా కక్కించకపోతే కొళంబు పళ్ళ కింద కరకరమంటుంది. పెద్దవాళ్ళు వంట కోసం కనిపెట్టిన ఈ కిటుకే ఆ చేప స్వభావాన్ని మనకు చెబుతోంది. ఇసుకలో బతికే చేప, ఇసుకను నోట పెట్టి బతికే చేప.

అయిరతో పాటు ఇంకో జీవిని కూడా చెప్పుకోవాలి. పొడవుగా, మొన తేలి, చిన్న మేకులా ఉండే నత్త ఒకటి మన చెరువుల్లో ఉంటుంది. నీటిమొక్కల వేళ్ళతో పాటు తొట్టిలోకి తనంత తానే వస్తుంది. పగలంతా ఇసుక లోపల తిరుగుతుంది, రాత్రి పైకి వస్తుంది. అయిర కదిలించేది పైపొర అయితే, ఈ నత్త అంతకంటే లోపలి పొరను కదిలిస్తుంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. మేత ఎక్కువైతే వందల్లో పెరుగుతుంది. అందువల్ల నత్తలు అమితంగా పెరిగాయంటే తప్పు నత్తది కాదు, మనం మేత ఎక్కువ వేస్తున్నామని అర్థం. అది మనకు హెచ్చరిక.

ఇప్పుడు తొట్టిని ఎలా సిద్ధం చేసుకోవాలో చెబుతాను. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి.

ముందు ఇసుక. ఈ చేప మీసాలూ, పొట్టా ఇసుకకు రాసుకుంటూనే ఉంటాయి. కాబట్టి ఇసుక నున్నగా, సన్నగా ఉండాలి. ఇప్పుడు ఇల్లు కట్టేచోట ఎక్కడ చూసినా రాతిని పిండి చేసిన ఎం శాండ్ దొరుకుతోంది. గోడకు అది మంచిదే. చేపకు మాత్రం వద్దు. దాని రేణువుల అంచులు పదునుగా ఉంటాయి, మీసాలు అరిగిపోతాయి, పుండ్లు పడతాయి. కొట్లో అమ్మే రంగురాళ్ళూ వద్దు. వాటి సందుల్లోకి మేత జారిపోతుంది, చేప మూతికి అందదు, అక్కడే కుళ్ళుతుంది. నీటి ఒరిపిడికి గుండ్రబడిన సన్నని ఇసుక కావాలి. ఏటిలోకి పోయి తవ్వి తేవద్దు. చేపల కొట్లో అక్వేరియం ఇసుక అని అమ్ముతారు, లేదా ఇంటి పనికి తెచ్చి మిగిలిన పాత ఏటి ఇసుక ఉంటే అది చాలు. పిండి జల్లెడ లాంటి సన్నజల్లెడ పట్టి, నీళ్ళు తేటపడేదాకా కడిగి, ఎండబెట్టండి. గుప్పెడు ఇసుక మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుస పొంగితే అందులో గవ్వల పొడో, సున్నమో ఉన్నట్టు. అది నీళ్ళను మరీ కఠినం చేస్తుంది. బోరు నీళ్ళు అసలే కఠినంగా ఉండే మన ప్రాంతంలో అలాంటి ఇసుక వాడకూడదు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టికి నాలుగు సెంటీమీటర్ల మందాన ఇసుక చాలు. అంటే సుమారు 11, 12 కిలోలు. అంతకంటే మందంగా పోస్తే లోపల గాలి ఆడని పొర ఏర్పడుతుంది. ఇసుకా, పైన వదిలిన ఖాళీ పోను ఆ తొట్టిలో 45 లీటర్ల నీళ్ళు పడతాయి. పురపాలక కుళాయి నీళ్ళు అయితే క్లోరిన్ పోయేందుకు వెడల్పాటి పాత్రలో పోసి ఒక రోజు ఉంచి వాడండి.

ఆ తొట్టిలో అయిరలు ఐదు, ఆరు ఉండవచ్చు. ఒక్కటే వేస్తే బెదిరి ఎప్పుడూ ఇసుకలోనే దాక్కుంటుంది. గుంపుగా ఉంటే ధైర్యంగా పగలే బయట తిరుగుతుంది. పైన ఈదడానికి చిన్నరకం పరిగెలు ఆరో ఏడో చాలు. పెద్దనోటి చేపలు, గోల్డ్ ఫిష్ వీటితో కలపవద్దు. గోల్డ్ ఫిష్ చేసే మురికికి ఏ అడుగు చేపా సరితూగదు. తొట్టికి సందులేని మూత ఉండాలి, అయిర ఎగిరి దూకుతుంది.

తొట్టి నింపిన రోజే చేపలు వేయవద్దు. ముందు పరిగెలు రెండు మూడు వేసి, వేలి చివర పట్టినంత మేతే వేస్తూ, ఒక నెల పైన గడవనివ్వండి. ఇందాక చెప్పిన సూక్ష్మజీవులు కుదురుకున్న తరువాత అయిరలను తెచ్చుకోండి.

అయిరను ఎక్కడ కొనాలి? మదురై వైపు వారికి కూరకు అమ్మేచోటే ప్రాణంతో దొరుకుతుంది. కొళంబు కోసం తూచే చేపల్లోంచి ఆరింటిని తప్పించినట్టూ అవుతుంది. అమ్మే గిన్నెలో చురుగ్గా పరుగెత్తే వాటిని, పొట్ట లోపలికి పోకుండా నిండుగా ఉన్నవాటిని, మీసాలు చెడనివాటిని ఏరుకోండి. వలతో పట్టవద్దు. దాని కంటి కింద ముడుచుకునే చిన్న ముల్లుంటుంది, అది వలలో చిక్కుకుని చేప గాయపడుతుంది. గిన్నెతో నీళ్ళతో సహా ముంచి తీయాలి. ఇంటికి తెచ్చాక రెండు వారాలు వేరే పాత్రలో ఉంచి, జబ్బులేమీ లేవని తేలాక తొట్టిలోకి మార్చాలి. ఒకవేళ జబ్బు చేస్తే నీలిమందు, పచ్చమందు పూర్తి మోతాదులో పోయవద్దు. పొలుసులు అతి సన్నగా ఉండే ఈ జాతి మందుల ఘాటుకు తట్టుకోలేదు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. అడుగు చేపకు మిగిలిన మేతే చాలు అనుకుని చాలామంది దాన్ని ఆకలితో చంపుతారు. మురికి తిని బతికే చేప లేదు. మేత తిని బతికే చేపే ఉంది. రాత్రి దీపం ఆర్పిన తరువాత, అడుగుకు దిగే గుళికల మేత నాలుగైదు గింజలు వేయండి. పొద్దునకల్లా కనిపించకూడదు. కనిపిస్తే మర్నాడు తగ్గించండి.

వారానికి ఒక రోజు, ఆదివారం అనుకోండి, పావు గంట కేటాయించండి. సన్నని రబ్బరు గొట్టంతో ఇసుక పైన తేలే మడ్డిని లాగుతూ ఒక బకెట్ నీళ్ళు, అంటే పది పన్నెండు లీటర్లు, తీసేయండి. అంతే కొత్త నీళ్ళు పోయండి. వడపోత స్పాంజిని కుళాయి కింద సబ్బు పెట్టి తోమకండి. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండి మళ్ళీ పెట్టండి. కుళాయి నీళ్ళలో తోమితే మనకు సేవ చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తీసిన నీళ్ళను కుండీల్లో మొక్కలకు పోయండి, అది మంచి ఎరువు. పని ముగిశాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. అడుగున అయిర, లోపల నత్త, వారానికోసారి మన చెయ్యి, ఈ మూడూ కలిస్తే ఇసుక శుభ్రంగా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ మిగిలిన రెండింటి పని చేయలేదు.

మన చేపలు అన్నాం కదా, అందులో ఒక జాగ్రత్త ఉంది. మన దేశపు చేప అయినంత మాత్రాన ఏటిలోంచి ఎంతయినా పట్టుకోవచ్చని కాదు. ఒంటి మీద చారలుండే జీబ్రా లోచ్ అనే అందమైన అడుగు చేప పశ్చిమ కనుమల్లో కృష్ణా నదికి చేరే ఏళ్ళలో పుట్టింది. అక్వేరియం వ్యాపారంలో దానికి గిరాకీ ఉంది. ఆ చేపే ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రపంచ పరిరక్షణ జాబితాలోకి ఎక్కింది. మిస్ కేరళ అని పేరు తెచ్చుకున్న ఎర్రగీత చేప కథ కూడా ఇంతే. 1990ల తరువాత విదేశాల అక్వేరియాలకు విరివిగా ఎగుమతి అయింది. ఏళ్ళలో తగ్గిపోతోందని గ్రహించాక దాన్ని పట్టడం మీద కేరళ ప్రభుత్వం ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. అందుకే నేను అయిరను చెప్పాను. అది విస్తారంగా ఉన్న చేప, కూరకు ఎలాగూ అమ్ముడయ్యే చేప. అడవి ఏళ్ళలోకి వెళ్ళి అరుదైన చేపను పట్టి తేవడం కంటే, సంతలోని చేపను తెచ్చుకోవడం మేలు. అలా తెచ్చిన మన చేపను కూడా తిరిగి చెరువులో వదలకూడదు. తొట్టిలో పట్టిన రోగం దానితో పాటు చెరువుకు పోతుంది. పెంచలేకపోతే ఇంకొకరికి ఇవ్వండి, లేదా కొట్టుకు తిరిగి ఇవ్వండి.

చివరగా ఒక్క మాట. తిరుప్పూరు మధ్యగా పారే నొయ్యల్ వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు మీదుగా వచ్చి, కరూరు జిల్లాలో కావేరిలో కలుస్తుంది. మన ఊరి బనియన్లకు రంగులద్దిన నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ ఏటిలోకే పోయాయి. సేద్యం కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట రంగునీళ్ళ గుంటగా మారింది. కింది ఊళ్ళ రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు రంగుల అద్దకం యూనిట్లను మూసివేయమని ఆదేశించింది. ఒక్క చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలని ఏర్పాటు చేసుకున్నాకే అవి మళ్ళీ తెరుచుకున్నాయి. ఆ మూసివేత నాళ్ళలో పని పోగొట్టుకున్న కుటుంబాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. నీళ్ళు పాడైనా మనదే నష్టం, పని ఆగినా మనదే నష్టం అని ఆ ఊరు రెండు విధాలా చూసింది.

అందుకే తొట్టి ఆటబొమ్మ కాదంటాను. వందల ఏళ్ళ కిందట మన పెద్దలు ఈ సీమకు వచ్చి, చెరువు చూసుకుని, ఏరు చూసుకుని ఇళ్ళు కట్టుకున్నారు. ఏ చేప ఏ నీళ్ళలో ఉంటుందో వారికి తెలుసు. వారి మునిమనవలకు అమెజాన్ చేప పేరు తెలుసు, పక్క కాలువలో చేప పేరు తెలియదు. రెండడుగుల తొట్టిలో ఆరు అయిరలు వేసి, "ఇది మన కావేరి నీళ్ళ చేపరా, ఇసుకలో ఎలా దూరుతుందో చూడు" అని పిల్లవాడికి చూపించండి. ఇసుకలో ఆ చేప బతకాలంటే నీళ్ళు ఎలా ఉండాలో వాడికి ఆదివారం బకెట్ మోస్తూనే అర్థమవుతుంది. రేపు వాడు ఏ కంపెనీలో ఏ పని చేసినా, కాలువలోకి ఏది వదలాలో, ఏది వదలకూడదో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు.